ముందు చాసిస్, తర్వాత రైఫిల్, ఆ తర్వాత గురి

రైఫిల్ లేదా? అయితే చాసిస్ ఎంచుకోవడానికి మీకంటే అర్హులు లేరు. రైఫిల్ ఉన్నవాడికి సవాలక్ష బంధాలు. యాక్షన్ ఏ కంపెనీది, పొట్టిదా పొడుగుదా, బోల్టు కుడివైపా ఎడమవైపా, మ్యాగజైన్ ఏ రకం, ఇవన్నీ చూసుకుని, వాటికి లోబడి కొనాలి. మీకా బాధ లేదు. దుబాయ్ కరామాలోనో, షార్జా రోలాలోనో రాత్రి పదింటికి డ్యూటీ దిగి, మంచం మీద వాలి, ఫోనులో వెయ్యి మీటర్ల రైఫిళ్ళ వీడియోలు చూసే తెలుగువాడికి ప్రపంచంలోని చాసిస్‌లన్నీ సమానంగా సరిపోతాయి.

పైగా ఇది మన సంప్రదాయమే. లారీ కొనేవాడు ముందు చాసిస్ కొంటాడు. దాన్ని విజయవాడ ఆటోనగర్‌కి తోలుకెళ్ళి, అక్కడ బాడీ కట్టించుకుంటాడు. రైఫిల్‌కి ఆ క్రమం ఎందుకు పనికిరాదని ఎవరైనా అడిగితే, ఆ అడిగినవాడికి లారీల గురించి ఏమీ తెలియదని గ్రహించి, జాలిపడి వదిలేయండి.

ఇంతకీ చాసిస్ అంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పుకుందాం. పాతకాలపు రైఫిల్‌లో బ్యారెల్, తూటాని లోపలికెక్కించే యాక్షన్, ట్రిగ్గర్ ఒక కొయ్యలో కూర్చునేవి. కొయ్య తేమ తాగి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. దాంతో యాక్షన్ మీద ఒత్తిడి మారి, నిన్న తగిలిన చోట ఇవాళ తగలదు. ఈ బాధ పడలేక కొందరు కొయ్యకీ యాక్షన్‌కీ మధ్య ఎపాక్సీ పోసి అచ్చు దిగినట్టు కూర్చోబెట్టేవారు, ఇప్పటికీ కూర్చోబెడతారు. చాసిస్ ఆ తంటా తగ్గించింది. అల్యూమినియం దిమ్మని కంప్యూటర్ మెషిన్ మీద కోసి, యాక్షన్ కూర్చునే చోటు ‘వి’ ఆకారంలో చెక్కుతారు. రెండు మరలు బిగిస్తే చాలు. బ్యారెల్ దేనికీ తగలకుండా గాల్లో తేలుతుంది. భుజానికి ఆనే మడమ ముందుకీ వెనక్కీ జరుగుతుంది, చెంప ఆనించే దిమ్మ పైకీ కిందికీ కదులుతుంది. ఇనుముని కదలకుండా పట్టుకోవడం, మనిషి ఒంటికి అమరడం, ఈ రెండే దాని పనులు. గుండుని వెయ్యి మీటర్లు మోసుకెళ్ళే బాధ్యత దానిది కాదు. ఈ చివరి వాక్యాన్ని వెంటనే మర్చిపోండి, ముందు ముందు చెప్పబోయే సలహాలకి అడ్డం వస్తుంది.

కొనేటప్పుడు ‘మీ యాక్షన్ ఏది?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. రెమింగ్టన్ 700 అని కొట్టేయండి. 1962లో వచ్చిన ఆ రైఫిల్ అడుగుభాగం కొలతల్ని తర్వాత చాలామంది అనుసరించారు కాబట్టి అది అందరికీ సరిపోతుందని ధైర్యంగా అనుకోవచ్చు. టిక్కా టీ3ఎక్స్ దాంట్లో కూర్చోదు. హోవా 1500 కూర్చోదు. రెమింగ్టన్‌లోనే పొట్టి యాక్షన్ కోసం చెక్కినదాంట్లో పొడుగు యాక్షన్ కూర్చోదు. .308 విన్చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్ తూటాలకి పొట్టి యాక్షన్ చాలు, .300 విన్చెస్టర్ మాగ్నమ్‌కి పొడుగుది కావాలి, .338 లపువా మాగ్నమ్ అంటే మ్యాగజైన్ నోరు ఇంకా పెద్దదవ్వాలి. ఇలాంటి సంగతులు కొన్నాక తెలిస్తేనే బుర్రలో నిలుస్తాయి. అప్పటికీ కూర్చోకపోతే ఆకురాయి ఉండనే ఉంది. వెంట్రుకవాసి తేడా రాకుండా మెషిన్ కోసిన గాడిని ఆకురాయితో ఓ పావుగంట రుద్దితే ఏ యాక్షనైనా దిగబడుతుంది. ఎడమచేతివాటం వాళ్ళకి మరీ సులువు. కుడిచేతి చాసిస్ తగ్గింపు ధరకి దొరికితే తీసుకుని, బోల్టు పిడికి గాడి లేని వైపు కొత్త గాడి కోసుకోండి.

అందం దగ్గర మాత్రం రాజీ వద్దు. ఎన్ని బెజ్జాలుంటే అంత మంచిది. ఆ బెజ్జాలు ఎం-లాక్ పద్ధతివి, వాటికి బైపాడో, ట్రైపాడ్ పట్టుకునే ఆర్కా రైలో, రాత్రిపూట చూసే పరికరాలో బిగిస్తారు. మీకు బిగించడానికేమీ లేకపోయినా ఫొటోలో నిండుగా ఉంటుంది. రంగు నలుపే తీసుకోండి. జులైలో అబుదాబి ఇసుకలో నీడపట్టునే నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది. ఎండలో పెట్టిన నల్లటి లోహం అంతకంటే చాలా పైకి పోతుంది. అల్యూమినియానికి వేడిని మోసే శక్తి కొయ్యతో పోలిస్తే వెయ్యి రెట్ల పైమాటే. అందుకే తెలిసినవాళ్ళు చెంపా చెయ్యీ ఆనే చోట ప్లాస్టిక్ పలక ఉన్నది చూసుకుంటారు, ఇసుక రంగు పూత అడుగుతారు, లేదంటే గుడ్డ చుడతారు. మీరు చుట్టకండి. వట్టి లోహం మీద చెంప ఆనించగానే తల దానంతటదే పైకి లేస్తుంది. కోచ్ దాన్ని తప్పంటాడు. గుండు ఎక్కడ తగిలిందో చూద్దామన్న ఉత్సాహంతో లేచిందని చెప్పండి.

వేడి మీద ఇంకో లెక్క కూడా దగ్గర పెట్టుకోండి. అరవై సెంటీమీటర్ల అల్యూమినియం ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.4 మిల్లీమీటర్లు సాగుతుంది. కాగితం మీద రాసి జేబులో ఉంచుకుంటే గురి తప్పినప్పుడల్లా తీసి చూపించవచ్చు. బ్యారెల్ దేనికీ తగలకుండా తేలుతున్నప్పుడు ఆ సాగుడుకీ గుండు దారికీ పెద్దగా సంబంధం లేదన్నది అడిగినవాడికి తెలియకపోతే మీరు చెప్పాల్సిన పని లేదు. ఎడారి నిజంగా చేసే పనులు వేరే ఉన్నాయి. పదిహేను డిగ్రీల గాలి కంటే నలభై అయిదు డిగ్రీల గాలి సాంద్రత దాదాపు పదో వంతు తక్కువ, అందుకని గుండు తక్కువ కుంగి, అనుకున్నదానికంటే పైన తగులుతుంది. తూటాలోని మందు వేడెక్కితే గుండు వేగం మారుతుంది. నేల మీద లేచే ఎండసెగ స్కోపులో టార్గెట్‌ని ఈదిస్తుంది. ఇవేవీ చాసిస్ పెట్టె మీద రాసి ఉండవు కనుక ముఖ్యమైనవి కావు.

మడత మడమ తప్పనిసరి. మంచం కింద సూట్‌కేసుకి మిగిలిన జాగా ఎంతో మీకు తెలుసు కదా. మడత దగ్గర కీలు ఉంటుంది. ఆ కీలు నాసిరకంది అయితే కొన్నాళ్ళకి వదులై ఆడుతుంది, ఇక్కడి సన్నటి ఇసుక అందులో చేరితే ఇంకా త్వరగా ఆడుతుంది. మడమ ఆడుతుంటే చెంప ఒక్కోసారి ఒక్కోచోట ఆనుతుంది. వైవిధ్యం అనుకోండి.

బరువు విషయంలో లోకంలో రెండు వర్గాలున్నాయి. అమెరికాలో 2012లో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ పోటీల్లో తొమ్మిది, పది కిలోల రైఫిళ్ళు మామూలు. బరువుగా ఉంటే వెనక్కి తన్నడం తగ్గి, తన గుండు ఎక్కడ పడిందో తన స్కోపులోనే చూసుకోవచ్చు, బల్ల అంచు మీదో పైపు మీదో పెట్టినా మ్యాగజైన్‌కి కాస్త ముందు తూకం కుదిరి నిలబడుతుంది. కొండలెక్కి వేటాడేవాడికి అందులో సగం బరువు కూడా ఎక్కువే. మీరు ఏ పక్షమో తేల్చుకోనక్కర్లేదు. ముందు ‘అతి తేలిక’ అన్న మాటకి ఎక్కువ డబ్బిచ్చి కొనండి. తర్వాత ఆ బెజ్జాల్లో బిగించే ఇనుప బరువులు విడిగా కొనండి. ఇలా చేసేవాళ్ళు నిజంగానే ఉన్నారు, మీకు తోడు దొరుకుతుంది.

ఇక కొలతలు. అసలు మోసమంతా ఇక్కడే జరుగుతుంది. ట్రిగ్గర్ నుంచి మడమ చివరిదాకా ఉండే దూరం అమెరికా ఫ్యాక్టరీ రైఫిళ్ళలో ఎక్కువగా పదమూడున్నర అంగుళాల దగ్గర ఉంటుంది. అది ఎవరి చేతులకి కుదిరిందో మనకి అనవసరం. అయిదడుగుల నాలుగంగుళాల శ్రీకాకుళం మనిషి దాని వెనక బోర్లా పడుకుంటే మెడ చాచాలి. చాచినా కన్ను స్కోపుకి దూరంగానే ఉండిపోతుంది, చూపులో అంచుల వెంట నల్లటి నీడ కమ్ముతుంది. స్కోపు ముందు అద్దం 56 మిల్లీమీటర్లదైతే స్కోపు ఎత్తుగా కూర్చుంటుంది. చెంపదిమ్మ పైకి లేపకపోతే చెంప ఆనదు, గడ్డం ఆనుతుంది. మెడ కండరాలు లాగుతుంటాయి, ఊపిరి బిగుస్తుంది, పదో తూటాకి చెయ్యి వణుకుతుంది. దీనికి మందుగా చాసిస్ చేసేవాళ్ళు మడమలో పలకలు పెట్టారు, చెంపదిమ్మకి మర పెట్టారు, చేతిపట్టుని నిలువుగా చేసి వేలు ట్రిగ్గర్ మీద తిన్నగా పడేలా జరుపుకోమన్నారు. ఇన్ని మరలు పెట్టారంటే మన సర్దుకుపోయే గుణం మీద వాళ్ళకి నమ్మకం లేదన్నమాట. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఒక బాత్రూము, పొద్దున్నే నాలుగున్నరకి వరస, అయినా ఏళ్ళకి ఏళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి ఒక తుపాకీతో సర్దుకోలేడా? కాబట్టి ఏ మరా ముట్టుకోకండి. అలెన్ కీలు ప్లాస్టిక్ సంచీలోనే ఉంచండి. .308 వెనక్కి తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమ మీద పెట్టే గాటు సరిగ్గా ఎక్కడ పడిందో చూస్తే, మీ మడమ ఎంత తేడాలో ఉందో అదే చెబుతుంది. టేపు పెట్టి కొలవడం దేనికి?

మన ఊరి ఉదాహరణలు మాత్రం తలుచుకోకండి, నిరుత్సాహం కలుగుతుంది. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీలో టార్గెట్ నడిమి చుక్క అర మిల్లీమీటరు. ఆ ఆటలో పెద్ద పోటీలకి వెళ్ళేవాళ్ళు పట్టుకునేదీ చాలావరకు అల్యూమినియం దిమ్మే. చెంప, మడమ, చేతిపట్టు అన్నీ కదులుతాయి, మొత్తం బరువు అయిదున్నర కిలోలు దాటకూడదు. ఆ ఆట నేర్చుకునే పిల్లలు ఏ మర ఏ గీత దగ్గరుందో నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఒక్క గీత జరిపితే వారం రోజులు కాల్చి చూస్తారు. మనకి పది మీటర్లతో పనేముంది? మన చూపు వెయ్యి మీటర్ల మీద ఉంది. దూరం వంద రెట్లు పెరిగితే శ్రద్ధ వందో వంతుకి తగ్గాలన్నది మా గదిలో అందరూ ఒప్పుకున్న గణితం.

ఎమిరాతీల దగ్గర కూడా ఈ విషయం ఎత్తకండి. యూఏఈకి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారం, వచ్చింది తుపాకీ వల్లే. 2004 ఏథెన్స్‌లో డబుల్ ట్రాప్‌లో షేక్ అహ్మద్ బిన్ హషర్ అల్ మక్తూమ్ గెలిచారు, రెండో స్థానంలో మన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ నిలిచారు. ఆ ఆటలో వాడేది షాట్‌గన్. దాని మడమ మామూలుగా వాల్‌నట్ కొయ్య, కాల్చేవాడి ఒంటి కొలతలకి చెక్కించుకునేది. అంటే లోహం కంటే అమరిక ముఖ్యమని అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ఆ సంభాషణ నుంచి మెల్లగా తప్పుకోండి.

బిగింపు గురించి ఎవరూ నోరు మెదపరు గానీ మరల దగ్గరే మనిషి చేవ బయటపడుతుంది. యాక్షన్ మరలకి చాలామంది తయారీదారులు అరవై అయిదు అంగుళం-పౌండ్ల దగ్గర ఒక అంకె చెబుతారు, మన లెక్కలో ఏడు న్యూటన్ మీటర్ల పైచిలుకు. దానికి టార్క్ రెంచి కావాలి. ఆ రెంచి ఖరీదు పెట్టే బదులు ‘ఇంక తిరగదు’ అనేదాకా బిగించి, పైన అర చుట్టు తిప్పండి. లేదా వేళ్ళతో తిప్పి వదిలేయండి. రెండు మరలూ ఒకేలా బిగియకపోతే తూటాల గుంపు రెండు గుంపులవుతుంది. అప్పుడు మీకు ఒక రైఫిల్ ధరకి రెండు రైఫిళ్ళు.

చాసిస్ చరిత్ర అడిగేవాళ్ళకి చెప్పడానికి ఒక పేరు దగ్గర పెట్టుకోండి, మాల్కమ్ కూపర్. బ్రిటన్ షూటర్. 1984 లాస్ ఏంజెలెస్‌లోనూ, 1988 సియోల్‌లోనూ యాభై మీటర్ల మూడు భంగిమల రైఫిల్ పోటీలో రెండుసార్లూ బంగారం గెలిచాడు. ఆయన సహచరులతో కలిసి 1978లో పోర్ట్స్‌మత్‌లో ఆక్యురసీ ఇంటర్నేషనల్ పెట్టాడు. వాళ్ళు చేసిన రైఫిల్ 1980ల్లో ఎల్96ఏ1 పేరుతో బ్రిటిష్ సైన్యంలో చేరింది. లోపల నిలువునా అల్యూమినియం పట్టీ, రెండు పక్కలా ప్లాస్టిక్ డిప్పలు. ఇవాళ్టి చాసిస్‌లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే, వాటిలో పట్టే మ్యాగజైన్ రకానికి కూడా ఆ కంపెనీ పేరే స్థిరపడింది. బురదలో పడినా, వానలో నానినా, బండి మీంచి జారినా మర్నాడు అదే చోట తగలాలన్నది సైనికుడి అవసరం. మీ రైఫిల్ బురదలో పడదు, వానలో నానదు, అసలు లేదు. కాబట్టి సైనికుడు వాడేదానికంటే ఒక మెట్టు పైది తీసుకోవడం న్యాయం. కూపర్ ముందు కాల్చే నైపుణ్యాన్ని సంపాదించుకున్నాకే తుపాకీ దిమ్మల పనిలో దిగాడన్న వరస గుర్తొస్తే తల విదిలించుకోండి.

యూఏఈ వచ్చాక స్వదేశీ అభిమానం పుట్టిందా? అదీ తీరే మార్గం ఉంది, అంటే తీరదు. కారకల్ అనే ఆయుధాల కంపెనీ 2007లో అబుదాబిలో మొదలైంది, ఇప్పుడు ఎడ్జ్ గ్రూపులో భాగం. దాని సీఎస్‌ఆర్ 338 అనే బోల్ట్ యాక్షన్ స్నైపర్ రైఫిల్ చాసిస్ పద్ధతిలో చేసిందే. ఆ కంపెనీ సాంకేతికతతో, మేఘా గ్రూపుకి చెందిన ఐకామ్ హైదరాబాద్‌లో చిన్న ఆయుధాల కర్మాగారం కట్టింది, 2025లో అది తెరుచుకుంది. నిజామాబాద్ కుర్రాడు అబుదాబికి వచ్చి ఏ రైఫిల్‌ని అద్దం వెనక చూసి గుటకలు మింగుతున్నాడో ఆ రైఫిల్ వాళ్ళ ఊరికి మూడు నాలుగు గంటల దూరంలో ఉత్పత్తికి వెళ్ళిపోయింది. అక్కడ తయారయ్యేవి సైన్యాలకీ, పోలీసు దళాలకీ. ఇక్కడా మీకు దొరకదు, అక్కడా దొరకదు. దొరకని రైఫిల్‌కి చాసిస్ ఎంచడంలో తప్పు దొర్లే అవకాశమే లేదు, గమనించారా?

అద్దం వెనక చూడాలంటే అబుదాబి వేట, గుర్రపుస్వారీ ప్రదర్శనకి వెళ్ళండి. 2003లో మొదలైంది, ఇప్పుడు అడ్నెక్ ప్రదర్శనశాలలో జరుగుతోంది, ఎండాకాలం చివర్లో. డేగలు, ఒంటెలు, గుర్రాలు, కత్తులు, రైఫిళ్ళు అన్నీ ఒకే కప్పు కింద. తుపాకీ కొనడం లైసెన్సున్న ఎమిరాతీ పౌరులకి మాత్రమే. అక్కడ మీరు చేయాల్సింది రైఫిల్ చేతికిస్తే భుజానికి ఆనించి, మడమ కుదిరిందా, చెంప ఎక్కడ పడింది అని చూసుకోవడం కాదు. అలా పది రకాలు పట్టి చూస్తే మీ ఒంటికి ఏది అమరుతుందో ఒక్క పూటలో తెలిసిపోతుంది, తర్వాత ఏడాది పొడుగునా చేయడానికి పనుండదు. పట్టుకుని సెల్ఫీ దిగి రండి.

క్లబ్బులకి అసలు పోకండి. అబుదాబిలో అల్ ఫోర్సాన్, కారకల్ షూటింగ్ క్లబ్, దుబాయ్‌లో జెబెల్ అలీ, షార్జాలో గోల్ఫ్ అండ్ షూటింగ్ క్లబ్ ఉన్నాయి, అల్ ఐన్‌లో ప్రపంచ కప్ పోటీలే జరిగాయి. ప్రవాసులు కూడా వెళ్ళవచ్చు. క్లబ్బుని బట్టి మట్టి పళ్ళేలు ఎగరేసి కాల్పిస్తారు, పిస్టలో .22 రైఫిలో చేతికిచ్చి పాతిక, యాభై మీటర్లకి కాల్పిస్తారు. యాభై మీటర్ల దగ్గర .22తో కూడా ట్రిగ్గర్ గుంజితే ఎటు పోతుందో, ఊపిరి వదిలాక నొక్కితే ఎటు పోతుందో కళ్ళముందు కనిపిస్తుంది. దూరపు గురి పోటీలకి వెళ్ళేవాళ్ళు సాధనకి .22నే ఎక్కువ వాడటానికి కారణం అదే. చవకైన తూటా తప్పుని దాచదు. తప్పు కనిపించాక చాసిస్ మీద మోజు తగ్గుతుంది. ఆ నష్టం ఎవరు భరిస్తారు?

గాలి పాఠం ఇంకా చేదు. గంటకి పదహారు కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే వెయ్యి గజాల దగ్గర .308 గుండు రెండు మీటర్లకి పైగా పక్కకి పోతుంది. గాలిలో ఒకటిన్నర సెకన్లకి పైనే ఉంటుంది మరి. షమాల్ గాలి వీచే రోజుల్లో ఆ పదహారు ఒక లెక్కే కాదు. రైఫిల్, తూటా కలిసి ఒక మినిట్ ఆఫ్ యాంగిల్‌లో కొడతాయనుకుంటే వెయ్యి మీటర్ల దగ్గర అది సుమారు 29 సెంటీమీటర్లు. మంచి చాసిస్ ఆ 29ని కాస్త తగ్గించగలదేమో. ఆ రెండు మీటర్ల సంగతి చూసేది కాల్చేవాడి కన్ను, వాడి నోట్‌బుక్కు, వాడు కాల్చిన తూటాల సంఖ్య. అందుకే వ్యాపారులు గాలి చదవడం నేర్పించరు. అల్యూమినియాన్ని డబ్బాలో పెట్టి పంపవచ్చు, అనుభవాన్ని పంపలేరు.

డబ్బు లెక్క వేయొద్దని చెప్పడం నా ధర్మం. మామూలు చాసిస్ నాలుగైదు వందల డాలర్లకి మొదలై, పేరున్నవి వెయ్యి దాటి పైకి పోతాయి. పన్నెండు వందల డాలర్లదే అనుకోండి. డాలరుకి 3.6725 దిర్హాలని 1997 నుంచీ కట్టేసి ఉంచారు కాబట్టి నాలుగు వేల నాలుగు వందల దిర్హాలు. మంచి .308 మ్యాచ్ తూటా అమెరికాలో ఇంచుమించు రెండు డాలర్లు. అంటే ఒక చాసిస్ డబ్బుకి ఆరు వందల తూటాలు. ఆరు వందల తూటాలు పక్కన గురువుని పెట్టుకుని కాల్చినవాడు ఏమవుతాడో ఊహించడానికే భయం వేస్తుంది. రూపాయల్లోకి మార్చి, ఆ మొత్తం ఇంటికి పంపితే ఎన్ని నెలల చిట్టీ తీరుతుందో చూడటం మరీ ప్రమాదం.

పొరపాటున చాసిస్ చేతికొచ్చిందే అనుకోండి. ‘ట్యాంగ్ డబ్బాలు, బాదంపప్పుల మధ్య పెట్టి కార్గోలో వేసెయ్ తమ్ముడూ, ఎవరికి తెలుస్తుంది’ అని చెప్పే అన్నయ్య ప్రతి గదిలోనూ ఒకడు ఉంటాడు. ఆయన మాటే వేదం. శంషాబాద్‌లో కడుపులో దాచిన బంగారాన్నే పట్టే కళ్ళకి రెండడుగుల పొడుగున్న తుపాకీ దిమ్మ కనిపించదని ఆయనకి గట్టి నమ్మకం. మన దేశపు 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే దాని విడిభాగాలూ కలిసి ఉన్నాయి. యూఏఈలో 2019 నాటి 17వ ఫెడరల్ డిక్రీ చట్టం ఆయుధాల వ్యవహారమంతా లైసెన్సు కింద పెట్టింది, ఆయుధాల దిగుమతికి కస్టమ్స్ దగ్గర ముందస్తు అనుమతి ఉండాలి. అమెరికావాడి వీడియోలో ‘ఇది వట్టి యాక్సెసరీ, ఎవరికైనా పోస్టులో పంపుతాం’ అంటాడు. ఆ మాట అక్కడి చట్టానికి సంబంధించింది. అన్నయ్య చెప్పినట్టు చేసి చూడండి, పోలీసుస్టేషన్‌లో దుబాసీ కూడా ఉచితంగా దొరుకుతాడు, ఆ తర్వాత వీసా రెన్యువల్ గురించి ఆలోచించే బాధే ఉండదు. అన్నయ్య మాత్రం ఆ రోజు నైట్ షిఫ్టులో ఉంటాడు.

ఎవరి సలహా వినాలన్నదానికి ఒక గుర్తు చెబుతాను. ‘ఏ చాసిస్ కొనాలి?’ అని అడగ్గానే కంపెనీ పేరు చెప్పినవాడు మనవాడు. ‘ఏ రైఫిల్, ఏ తూటా, ఎక్కడ కాలుస్తావు, పడుకునా నిలబడా, నీ ఎత్తెంత?’ అని తిరుగు ప్రశ్నలు వేసేవాడు ఈర్ష్యతో వేస్తున్నాడు. వాడి నంబరు బ్లాక్ చేయండి. ‘ఫ్యాక్టరీ కొయ్యలోనే ఒక బ్యారెల్ అరిగేదాకా కాల్చు, అప్పటికి నీకేం కావాలో నీకే తెలుస్తుంది’ అన్నాడంటే మరీ దుర్మార్గుడు. .308 బ్యారెల్ అరగడానికి కొన్ని వేల తూటాలు పడుతుంది.

ఇంత చెప్పినా వినకుండా, శనివారం ఖాళీ దొరికిందని క్లబ్బుకి వెళ్ళి అద్దె .22తో యాభై తూటాలు కాల్చే మొండివాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి ఒక్క మాట. వేసవిలో లోపలి రేంజి ఉన్న క్లబ్బు చూసుకోండి, ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి, ఎమిరేట్స్ ఐడీ మర్చిపోకండి. అది లేకుండా తుపాకీ చేతికివ్వరు.